ఏ షాబాన్?

"పేరు రాసుకున్యా భాయ్. పుట్టిందెప్పుడు, పోయిందెప్పుడు, ఆ రెండూ చెప్తే రేపు పొద్దున్నే మొదలుపెడతా" అన్నాడు రాళ్ళు చెక్కే అన్న, చెవి మీది పెన్సిల్ తీస్తూ.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల పోయే దారిలో నాపరాళ్ళ పాలిషింగ్ షెడ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. మా నానీమా ఖబర్ దగ్గర పెట్టడానికి ఒక చిన్న కత్బా చేయిద్దామని అక్కడికి పోయాను. అక్షరానికి ఇంత అని రేటు. కాబట్టి ఎక్కువ రాయించొద్దని పెద్ద మామూ ముందే చెప్పి పంపాడు. పేరు, రెండు తారీఖులు. ఐదు నిమిషాల పని అనుకున్నా. ఆ ఐదు నిమిషాల పనికి మా ఖాన్‌దాన్‌కు పది నెలలు పట్టింది.

ముందు పోయిన తారీఖు సంగతి చెప్తాను, అది తేలిక అనుకున్నాం కాబట్టి. 2023 ఫిబ్రవరి 23, గురువారం, జమ్మలమడుగు ఇంట్లో, ఇషా అజాన్ అయిన కాసేపటికి నానీమా ఇంతెఖాల్ అయింది. గోడ గడియారంలో ఏడూ నలభై. డాక్టరు రాసిచ్చిన కాగితంలో 23 అనే ఉంది. కానీ మనకు మగ్రిబ్‌తో తారీఖు మారుతుంది కదా. ఆ రోజు పగలు 2 షాబాన్, మగ్రిబ్ కాగానే 3 షాబాన్ వచ్చేసింది, జుమ్మేరాత్ పోయి శబె జుమా వచ్చింది. అమ్మీకి ఆ దుఃఖంలో దొరికిన ఒకే ఒక్క తసల్లీ అదే. "మా అమ్మ జుమా రాత్రి పోయింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. గురువారం అని ఎవరన్నా అంటే, ఆమె చేతిలోంచి ఏదో లాక్కున్నట్టే.

చిన్న మామూ కువైట్‌లో ఉంటాడు. మన కడప జిల్లాలో కువైట్‌లో ఒకరు లేని ముస్లిం ఇల్లు వెతకాలి. ఆయనకు ఫోన్ పోయింది సాయంత్రం ఐదూ పది, వాళ్ళ టైము. అక్కడ ఇంకా అసర్ వేళే, ఎండ ఉంది. పైగా ఆ నెల అక్కడ చాంద్ మనకంటే ఒక రోజు ముందు కనిపించింది. కాబట్టి ఆయన ఫోన్‌లో ఆ పగలే 3 షాబాన్. తారీఖు ఇద్దరిదీ ఒకటే, 3 షాబాన్. కానీ ఇక్కడ శుక్రవారం రాత్రి, అక్కడ గురువారం పగలు. "నేను జనాజాకు రాలేదు, మట్టి ఇయ్యలేదు. నా దగ్గర ఉన్నది ఆ ఐదూ పది ఒక్కటే. గురువారం అని రాయించు" అన్నాడు మామూ. నేను ఏమనాలో తెలియక సరే మామూ అన్నా. అమ్మీకి కూడా అంతకుముందు సరే అమ్మీ అన్నా.

పక్కింటి అవ్వకు ఈ గొడవ లేదు. ఆమె పంచాంగం చూసి శుభకృతు నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ చవితి, గురువారం అని చెప్పేసింది. వాళ్ళకు పొద్దు పొడిస్తే రోజు మారుతుంది. అర్ధరాత్రి మారే రోజు ఒకటి, మగ్రిబ్‌కు మారే రోజు ఒకటి, తెల్లారి మారే రోజు ఒకటి. మూడూ ఒకే గోడకు పక్కపక్కన వేలాడుతున్నాయి.

ఇక పుట్టిన తారీఖు. ఆధార్ కార్డులో 01-01-1950 అని ఉంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కార్డులు తీసి చూడండి, సగం మంది జనవరి ఒకటినే పుట్టి ఉంటారు. ఆ కార్డు వల్ల ఆమె ముసలితనం చాలా ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. పింఛన్ కోసం పోయినప్పుడల్లా ఒక ఆఫీసులో వయసు చాల్లేదని తిప్పి పంపేవాళ్ళు. ఒకసారి నేనూ వెంట ఉన్నా. పళ్ళు లేని నోటితో నవ్వి, "కాగితం ప్రకారం నేనింకా పిల్లనే అంట రా" అంది.

ఏ సాల్‌లో పుట్టావు నానీమా అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. "సాల్ మాలూం నై బా. గంజి కర్వే మే మై రోజే రక్‌తీ థీ." 1950ల మొదట్లో రాయలసీమకు వచ్చిన కరువుకు జనం పెట్టుకున్న పేరు గంజి కరువు, గంజి కేంద్రాల ముందు లైన్లలో నిలబడి బతికారు కాబట్టి. అప్పటికి ఆమె ఒక్కపొద్దులు ఉండే వయసు పిల్ల. గంజి లైన్లో చెంబు పట్టుకుని నిలబడి, తెచ్చిన గంజి తాగకుండా మగ్రిబ్ దాకా మూత పెట్టి ఉంచిందట. కార్డు నమ్మితే అప్పుడామెకు రెండేళ్ళు. నా అందాజా పన్నెండు ఉండాలి. అంటే 1940 అటూ ఇటూ.

ఆమె హిసాబంతా ఇలాగే. పులివెందుల పక్క పల్లెలో పుట్టింది, ముద్దనూరు మీదుగా ఎద్దుల బండిలో జమ్మలమడుగుకు దుల్హన్‌గా వచ్చింది. అక్కడి నుంచే లెక్క మొదలు. "నేను ఈ ఊరొచ్చిన ఏడు", "నేనొచ్చిన మూడో ఏడు పెన్న పొర్లింది", "మైలవరం డ్యాం కట్టేటప్పుడు మీ అమ్మ కడుపులో ఉంది." రబీవుల్ అవ్వల్ అంటే ఆమెకు తెలీదు, బారావఫాత్ నెల అంటే తెలుసు. మొహర్రం పీర్ల నెల, సఫర్ తేరతేజీ, రబీవుల్ ఆఖిర్ గ్యార్మీ. ఒక్కపొద్దులు చాంద్ చూసి, బుడ్డల విత్తనం కార్తె చూసి, పింఛన్ ఇంగ్లీషు తారీఖు చూసి. ఒకదానితో ఇంకోదాన్ని ఎప్పుడూ కలిపి చూడలేదు, అవసరం రాలేదు.

ఆ పొద్దు రాయి అన్నకు "తారీఖులు తర్వాత చెప్తా అన్నా" అని బయటికొచ్చి, బండి ఇంటి వైపు తిప్పకుండా ముందుకే పోయాను. ఎర్రగుంట్ల దాటితే థర్మల్ పవర్ స్టేషన్ పొగ గొట్టాలు, దాని పక్కనే కలమళ్ళ. తెలుగులో దొరికిన అన్నిటికంటే పాత శాసనం ఆ ఊరి చెన్నకేశవ, సిద్ధేశ్వర ఆలయం ఆవరణలోది. పిల్లలకు పాఠంలో చెప్తాను కానీ నేనే చూడలేదు. రాయి గురించి పోయిన రోజు కాబట్టి రాయి చూద్దామనిపించింది.

ఎరికల్ ముతురాజు ధనంజయుడు అనే రేనాటి చోళరాజు కాలపు రాయి. రేనాడు అనే మాట ఆ రాతిలోనే ఉంది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, అన్నీ ఆ రేనాడే. క్రీ.శ. 575 ప్రాంతం అని పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ రాయి మీద 575 లేదు. ఏ సంవత్సరమూ లేదు. అక్షరాల వొంపులు చూసి పండితులు కట్టిన అందాజా అది. మా నానీమాకు నేను గంజి చెంబు చూసి వయసు కట్టినట్టు.

అక్కడ నిలబడి ఒక సంగతి ఆలోచించాను. ఆ అందాజా నిజమైతే, ఇక్కడ ఎవరో ఉలి పట్టుకుని తెలుగు అక్షరాలు చెక్కుతున్నప్పుడు, మక్కాలో మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఐదారేళ్ళ యతీమ్ పిల్లాడు. ఆయన పుట్టిన ఏడాదికీ అంకె లేదు. ఆముల్ ఫీల్, ఏనుగు ఏడాది, అంతే. అబ్రహా ఏనుగుతో కాబా మీదికి వచ్చిన ఏడు. మక్కా వాళ్ళది ఏనుగు ఏడాది, మా నానీమాది గంజి ఏడాది.

ఇంటికొచ్చాక ఈ పురుగు తొలవడం ఆపలేదు. ఆ జమానాలో ఒక్క ఏడాదిని పట్టుకుని, దాన్ని ఎవరెవరు ఏమని పిలిచారో చూద్దామనిపించింది. కలమళ్ళ రాయి తారీఖు చెప్పదు కాబట్టి, తారీఖు చెప్పే రాయి కావాలి. అది కర్ణాటకలో ఐహోళెలో, మేగుటి గుట్ట మీది జైన ఆలయం గోడకు ఉంది. చాళుక్య రాజు రెండో పులకేశిని పొగుడుతూ రవికీర్తి రాసింది. ఈ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే మన వేంగిలో తూర్పు చాళుక్యుల గద్దె నిలబెట్టినవాడు. రవికీర్తి జాగ్రత్త మనిషి. భారత యుద్ధం నుంచి 3735 ఏళ్ళు, శక రాజుల లెక్కలో 556 ఏళ్ళు అని రెండు లెక్కలూ చెక్కించాడు. ఇప్పటి లెక్కలో 634 ఉగాది నుంచి 635 ఉగాది దాకా.

ఆ ఏడాదే తీసుకుందాం. కాన్‌స్టాంటినోపుల్‌లో అది హెరాక్లియస్ చక్రవర్తి ఏలుబడిలో ఇరవై నాలుగో ఏడు. చైనాలో తాంగ్ చక్రవర్తి తైజోంగ్ పెట్టుకున్న జెంగ్వాన్ శకంలో ఎనిమిదో ఏడు. ఈజిప్టులో కిబ్తీ ఈసాయీలు తమ షహీదుల పేరుతో లెక్కపెట్టేవారు, వాళ్ళకు 351 మొదలైంది. ఇరాన్‌లో ఆఖరి సాసానీ బాద్షా యజ్దగిర్ద్ గద్దెనెక్కిన మూడో ఏడు. ఆయన గద్దెనెక్కింది 632 జూన్‌లో, మదీనాలో ప్రవక్త వఫాత్ అయిన నెలలోనే. ఆ బాద్షాహీ పోయి పదమూడు వందల ఏళ్ళు దాటినా, పార్సీలు ఇప్పటికీ ఆయన గద్దెనెక్కిన ఏటి నుంచే లెక్క పెడతారు.

షామ్ దేశపు సుర్యానీ ఈసాయీలది ఇంకో లెక్క, సికందర్ తర్వాతి యూనానీ రాజుల నాటిది. వాళ్ళ పాదరీ ఒకాయన 945లో, ఫిబ్రవరి 4, శుక్రవారం, గాజాకు తూర్పున పన్నెండు మైళ్ళ దూరంలో రోమనులకూ ముహమ్మద్ అరబ్బులకూ జంగ్ జరిగిందని రాసిపెట్టాడు. అది 634లోనే, ఆ ఉగాదికి ఇంచుమించు నెల ముందు. ప్రవక్త పేరు ముస్లిమేతరుల రాతల్లో కనిపించిన తొలి చోట్లలో అదొకటి. గాజా పేరు చదవగానే ఆగిపోయాను. మీరూ ఆగుతారు.

మరి మన రేనాట్లో? ఇక్కడి పుణ్యకుమారుడనే రాజు రాగిరేకులు మాలేపాడులో దొరికాయి, మా జమ్మలమడుగు పక్క దొమ్మర నంద్యాలలో దొరికాయి. ఒకదాంట్లో ఆయన ఏలుబడి ఐదో ఏడు, ఇంకోదాంట్లో పదో ఏడు. ఎప్పటి నుంచి ఐదు, ఎప్పటి నుంచి పది? ఆ కాలం వాళ్ళకు తెలుసు, కాబట్టి రాయలేదు. అందుకే ఆయనది ఏడో శతాబ్దమని కొందరు, ఎనిమిదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 634 తర్వాత ఐదారేళ్ళకు దక్షిణాదికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ చు-లి-యె అనే సీమ గురించి రాశాడు. అది రేనాటి చోళుల సీమేనని కొందరు చరిత్రకారులు అన్నారు. జనం తక్కువ, అడవి ఎక్కువ, దొంగల గుంపులు బాహాటంగా తిరుగుతుంటాయట. మన సీమకు చెడ్డ పేరు తెలుగు సినిమాలతో మొదలు కాలేదన్నమాట.

ఇక మదీనాలో. మనం చదువుకున్న తారీఖ్ ప్రకారం ఇది 13 హిజ్రీ. ఆ ఏడు జమాదివుల్ ఆఖిర్‌లో హజ్రత్ అబూబకర్ (రజి.) జబ్బుపడ్డారు. ప్రవక్త ఏ రోజు పోయారు అని బిడ్డ హజ్రత్ ఆయిషా (రజి.)ను అడిగారు. సోమవారం. ఇవాళ ఏ రోజు? సోమవారం. అయితే ఇప్పటికీ రాత్రికీ మధ్య నా వేళ వస్తుందని ఆశ పడుతున్నా అన్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు ఇది. ఆయన పోయింది సోమవారం పొద్దుగూకాక, అంటే మంగళవారం రాత్రి మొదలయ్యాక. తెల్లారకముందే దఫన్ చేశారు. 22 జమాదివుల్ ఆఖిర్ అని మన కితాబుల్లో ఉంది. ఇంగ్లీషు లెక్కలో ఆగస్టు 22 సాయంత్రం అనాలో 23 అనాలో, మళ్ళీ మా ఇంటి గొడవే. చాంద్ మాత్రం అందరికీ ఒకటే. ఆ రాత్రి రేనాట్లో ఆరుబయట పడుకున్న మనిషికి కూడా బహుళ పక్షం సగానికొచ్చిన చంద్రుడే, అర్ధరాత్రి దాటాక పైకొచ్చాడు.

ఇది చదువుతున్నప్పుడు అమ్మీ పక్కనే ఉంది. వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన కూడా రోజు అడిగినారా" అంది అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు మదీనాలో ఎవరినన్నా ఆపి, భాయ్ ఇది ఎన్నో హిజ్రీ అని అడిగితే మొహం చూసి ఉండేవాళ్ళు. 13 అని ఎవరికీ తెలీదు. హిజ్రీ లెక్కే ఇంకా పుట్టలేదు. 634 అన్నా అంతే. ఈసా పుట్టుక నుంచి లెక్కపెట్టే పద్ధతిని రోమ్‌లో డయోనిసియస్ అనే సన్యాసి 525లో కట్టాడు కానీ, అది లోకంలోకి పాకడానికి వందల ఏళ్ళు పట్టింది. మనం 634 అని, 13 హిజ్రీ అని అంటున్నవన్నీ తర్వాతి వాళ్ళు వెనక్కి తిరిగి అంటించిన చీటీలు. జయ నామ సంవత్సరం అని కూడా అనొచ్చు, 2014 నాటి జయ నుంచి అరవయ్యేళ్ళ చక్రం 23 సార్లు వెనక్కి తిప్పితే అక్కడికే వస్తుంది. అదీ ఇప్పటి లెక్కే.

హిజ్రీ పుట్టిన కథ మీకు తెలిసిందే, అయినా చెప్పకుండా ఉండలేను. హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్‌లో ఆయన ముందుకు ఒక అప్పు కాగితం వచ్చింది. షాబాన్‌లో తీర్చాలి అని ఉంది. ఏ షాబాన్? పోయినదా, ఇప్పటిదా, వచ్చేదా? అంతకుముందే బస్రా గవర్నర్ అబూ మూసా అష్అరీ (రజి.) కూడా, మీ ఖత్‌లు వస్తున్నాయి, తారీఖు లేదు, ఏది ముందుదో తెలియడం లేదని రాశారంటారు. మన ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ళు, వడ్డీ కాగితాలు ఉన్న ఊరిలో, ఈ తకరారు అర్థం కానివాళ్ళు ఉండరు. ఉగాదికి ఇస్తా అన్నాడు, ఏ ఉగాదికి అనలేదు.

మష్వరా పెట్టారు. రూమీల లెక్క తీసుకుందామన్నారు, ఫార్సీల లెక్క అన్నారు, వద్దనుకున్నారు. మన లెక్క మనకు ఉండాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రవక్త పుట్టుక నుంచా, నుబువ్వత్ నుంచా, వఫాత్ నుంచా? హజ్రత్ అలీ (రజి.) హిజ్రత్ అన్నారని రివాయత్ ఉంది. అదే ఖాయమైంది. 16 హిజ్రీ అని ఒక మాట, 17 అని ఒక మాట. లెక్కకే పదహారో పదిహేడో ఏట పేరు పెట్టారు. పుట్టిన రోజు ఎవరికి వారికి గట్టిగా తెలియని జమానా. పోయిన రోజు తలుచుకుంటే గుండె బరువు. ఊరు విడిచి ఇంకో ఊరు చేరిన రోజు మాత్రం వాళ్ళందరి కాళ్ళకూ యాదుంది. ఇది నా ఖయాల్ మాత్రమే, ఉలమాలు చెప్పిన కారణాలు వేరే ఉన్నాయి. కానీ "నేను ఈ ఊరొచ్చిన ఏడు" అని లెక్క మొదలుపెట్టే మనిషి చేతి అన్నం తిని పెరిగాను కాబట్టి నాకు అలాగే తడుతుంది.

అంకె వచ్చాక కూడా పాత పద్ధతి పోలేదు. 18 హిజ్రీలో అరేబియాలో వానలు లేక భయంకరమైన ఖహత్ వచ్చింది. ఆ ఏడాదిని జనం 18 అని యాదుంచుకోలేదు, ఆముర్రమాదా అన్నారు, బూడిద ఏడాది. ఆ కరువు తీరేదాకా హజ్రత్ ఉమర్ నెయ్యి ముట్టలేదు. మన ముత్తాతల నాడు 1876లో మొదలైన కరువుకు ఆ తెలుగు ఏడాది పేరే అంటుకుని ధాత కరువు అయింది. ఖలీఫా పెట్టిన లెక్క ఆఫీసుకు, కడుపు పెట్టిన పేరు ఇంటికి.

ఒకే ఏడాదికి ఎన్ని పేర్లో కూర్చి చూసే పిచ్చి నాకొక్కడికే లేదు. అల్‌బీరూనీ వెయ్యేళ్ళ కిందటే ఈ పని చేశాడు. హిందూస్తాన్ మీద రాసిన కితాబులో కొలబద్దగా ఒక ఏడాదిని ఎంచుకున్నాడు, యజ్దగిర్ద్ లెక్కలో 400. తన హిజ్రీని ఎంచుకోలేదు చూడండి. ఓడిపోయి, పారిపోయి, చచ్చిపోయిన ఒక బాద్షా లెక్కను ఎంచుకున్నాడు. ఏడాదికి సరిగ్గా 365 రోజులు, హెచ్చుతగ్గులు లేవు, నజూమీలకు సులువు. పైగా గుండు సున్నాల అంకె. ఆ ఏడాది శకం 953, విక్రమ శకం 1088, గుప్తుల లెక్క 712 అని వరసగా కట్టి చూపించాడు. మన లెక్కలో 1031. గజనీ దర్బారులో కూర్చుని సంస్కృత పండితులను అడిగి అడిగి రాసిన మనిషి. ఎదుటివాడి పంచాంగం ఎందుకు తప్పో చెప్పడం సులువు. అది వాడి ఇంట్లో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికే ఆయన ఉమర్ ఖర్చు పెట్టాడు.

మా ఇంటి లెక్క ఎలా పనిచేసిందో 2024లో చూశాం. మొదటి బర్సీ. 3 షాబాన్ 1445 మనకు ఫిబ్రవరి 14న వచ్చింది, ఏడాది తిరక్కుండానే. చాంద్ ఏడాది ఎండ ఏడాది కంటే పదీ పదకొండు రోజులు పొట్టి, 33 ఏళ్ళకు ఒక ఏడాది తేడా. (జకాత్ ఇంగ్లీషు తారీఖుకు ఇచ్చేవాళ్ళు ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.) నానీమా 83 ఏళ్ళు బతికిందనుకుంటే హిజ్రీలో 85 దాటినట్టు. పక్కింటి అవ్వ ఫాల్గుణ చవితి మార్చి 13న పడింది. వాళ్ళదీ చంద్రుడి నెలే, కానీ వెనకబడినప్పుడల్లా అధిక మాసం వేసి రుతువులతో కలుపుకుంటారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే అంత జరిగింది. మనకు అలా నెల కలపడం మనా, సూరె తౌబాలో ఉంది. ఆ పొద్దు అవ్వ గోడ మీదుగా కనకాంబరాల మాల అందించి, "చవితి గదమ్మా, మీ అమ్మకు" అంది. అమ్మీ బర్సీ నెల కిందటే అయిపోయిందని చెప్పలేదు. మాల తీసుకుంది. ఉగాది పొద్దున మన ముస్లింలు దేవుని కడప గుడికి పోయి బీబీ నాంచారమ్మను తలుచుకునే జిల్లా ఇది, ఇక్కడ అవ్వకు ఏమని చెప్తాం.

కత్బా మాటకొస్తే, మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగాం. గుర్తుకు ఒక రాయి చాలు, ఖబర్ మీద రాతలు మనా అని హదీసు ఉంది, పేరు వరకు కొందరు ఉలమాలు జాయిజ్ అన్నారు, మీ ఇష్టం అన్నారు. పుట్టిన తారీఖు వదిలేద్దామని పెద్ద మామూ పులివెందుల నుంచి ఫోన్‌లో తేల్చాడు. తెలియనిది రాయి మీద చెక్కితే అబద్ధం గట్టిపడుతుంది అన్నాడు. చీనీ తోటల బేరం చేసే మనిషి, లెక్కల్లో ఊహలు నచ్చవు. ఆధార్‌లో ఉన్నది సర్కారుకే ఉండనీ. వారం పేరు కూడా వద్దనుకున్నాం, అమ్మీ జుమా అమ్మీకి, చిన్న మామూ గురువారం ఆయనకు. మిగిలింది 3 షాబాన్ 1444 హి. దాని మీద ఇద్దరికీ తగాదా లేదు.

చిన్న మామూకు ఫిబ్రవరి 23 చూసుకుని సెలవు దొరికింది. బర్సీ ఫాతిహా అయిన తొమ్మిదో రోజుకు దిగాడు, ఆరో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని. ఎవరూ ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు, సూట్‌కేసు కూడా విప్పలేదు. మరుసటి రోజు సాయంత్రం ముగ్గురం ఖబరస్తాన్‌కు పోయాం. ఏడూ నలభై కోసం ఆగుతాడనుకున్నా, కానీ ఆయన ఐదూ పదికే చేయి చూసుకుని ఖబర్ పక్కన కూర్చున్నాడు. గడియారం ఇంకా కువైట్ టైములోనే ఉందో, మన టైముకు మార్చి ఆ అంకె కోసమే వచ్చాడో, అడగలేదు. చేతులెత్తి చాలాసేపు దువా చేశాడు.

రాయి అప్పటికి నెలన్నా కాలేదు పెట్టి. నల్ల నాపరాయి, తెల్ల అక్షరాలు. అక్షరానికి రేటు కట్టే అన్న, మా మీద దయతోనో మతిమరుపుతోనో, ఒక అక్షరం మిగిల్చాడు. చివర హి. లేదు. నేను పెట్టిననాడే చూశా, ఎవరికీ చెప్పలేదు.

పిల్లాడు వంగి వేలితో కూడబలుక్కుని చదివాడు. "3 షాబాన్ 1444." తర్వాత నా వైపు తిరిగి, "భాయ్‌జాన్, దాదీ 1444లో పోయిందా? అంటే విజయనగరం రాజుల టైమా?" అన్నాడు.

మామూ మొహం మీద చేతులు తుడుచుకుంటూ కొడుకు వైపు చూశాడు, రాయి వైపు చూశాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వాడు.

"ఆ, కృష్ణదేవరాయల కంటే ముందే రా" అన్నాడు. "గండికోటకు రాళ్ళు మోసింది మీ దాదీనే."